గాలిమొక్కకు గాజు గూడు

అనగనగా ఒక ఏరు. ఆ ఏరు ఏ రాజుగారి రాజ్యంలో పారేదో మన కథకు అక్కర్లేదు. అది కొండల్లో పుట్టి, అడవుల్లో గంతులేసి, మైదానంలోకి వచ్చేసరికి నెమ్మదించేది. ఒక మలుపు దగ్గర తెల్లని ఇసుక మేట వేసేది. ఆ ఇసుక ఎంత తెల్లనిదంటే, పాలు ఒలకబోసి మరిచిపోయారేమో అనిపించేది.

ఆ మలుపు దగ్గర ఒంటరిగా ఒక ఇల్లు. అందులో పానకాలు అనే గాజు పనివాడూ, అతని భార్య తాయారూ ఉండేవాళ్ళు. కొలిమి పొగ ఊరివాళ్ళకు ఇబ్బంది అవుతుందని వాళ్ళు ఊరికి దూరంగా ఇల్లు కట్టుకున్నారు.

పానకాలు ఇసుకనూ చౌడునూ కలిపి కొలిమిలో కరిగించేవాడు. కరిగిన గాజు పాకంలా సాగేది. దాన్ని ఇనుప గొట్టం కొసకు చుట్టి మెల్లగా ఊదేవాడు. ఊదితే బుడగ. తిప్పితే బుడ్డి. నొక్కితే గిన్నె. ఆ చుట్టుపక్కల ఏ గుడిలో దీపం వెలిగినా, అది పానకాలు చేసిన గాజులోంచే వెలిగేది.

వాళ్ళకు అన్నీ ఉన్నాయి. పిల్లలు లేరు. తాయారు ఆ మాట నోరు తెరిచి ఎవరితోనూ అనేది కాదు. సాయంత్రం పూట గట్టు మీద కూర్చుని, గొడ్లను తోలుకుపోయే పిల్లల కేకలు వినబడినంతసేపూ వినేది. కేకలు ఆగిపోయాక లేచి, చీర దులుపుకుని, ఇంట్లోకి వెళ్ళి దీపం పెట్టేది.

ఒక ఏడు వానాకాలంలో కొండల మీద గాలివాన విరుచుకుపడింది. ఏరు ఎర్రగా పొంగింది. చెట్లు కొట్టుకొచ్చాయి. దూలాలు కొట్టుకొచ్చాయి. మేకలు కొట్టుకొచ్చాయి. వరద తీశాక పానకాలు గట్టు చూడడానికి వెళ్ళాడు. ఇసుక మేట మీద పెద్ద మాను ఒకటి అడ్డంగా పడి ఉంది. దాని కొమ్మల సందున ఒక ఆడపిల్ల!

ఆరేడేళ్ళుంటాయేమో. ఒళ్ళంతా బురద. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే ఊపిరి ఆడుతోంది. గుప్పిట మాత్రం గట్టిగా మూసుకుని ఉంది. పానకాలు పిల్లను భుజాన వేసుకుని ఇంటికి పరుగెత్తాడు.

తాయారు వేన్నీళ్ళతో పిల్ల ఒళ్ళు కడిగింది. గంజి కాచి చెంచాతో నోట్లో పోసింది. అప్పుడు ఆ గుప్పిట తెరుచుకుంది. అందులో ఒక ఎండుపుల్ల. పుల్లను కరుచుకుని ఒక చిన్న మొక్క. దానికి మన్ను లేదు, కుండీ లేదు. సన్నని వేళ్ళు పుల్లను పట్టుకున్నంతమేర పట్టుకుని, మిగిలినవి గాలిలోకి వేలాడుతున్నాయి. ఆకులు బూడిద రంగు కలిసిన పచ్చ.

"నీ పేరేంటమ్మా?" అంది తాయారు.

పిల్ల మాట్లాడలేదు.

"మీదే ఊరు తల్లీ?" అన్నాడు పానకాలు.

పిల్ల మాట్లాడలేదు. కళ్ళు మాత్రం పుల్ల మీంచి కదలలేదు.

పానకాలు రేవుకు వెళ్ళి పడవవాళ్ళను అడిగాడు. సంతకు వెళ్ళి చాటింపు వేయించాడు. పిల్ల తప్పిపోయిందని ఎవరూ రాలేదు. మళ్ళీ సంతకూ అడిగాడు. ఆ పై సంతకు వెళ్ళినప్పుడు అడగడం మరిచిపోయాడు. మరిచిపోయాడో, మరిచిపోవాలనుకున్నాడో అతనికే తెలియాలి. తాయారు కూడా గుర్తు చేయలేదు.

వాళ్ళు పిల్లను చిట్టీ అని పిలుచుకున్నారు. తాయారు ఆమె ఉంగరాల జుట్టు దువ్వేది, అన్నం ముద్దలు కలిపి పెట్టేది. పానకాలు గాజుతో చిలకను చేసి ఇచ్చాడు. చిట్టి చిలకను చూసి నవ్వేది కాదు, ఏడ్చేదీ కాదు. పొద్దస్తమానం ఆ మొక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

"ఈ మొక్క బతికితే మన పిల్ల నవ్వుతుంది," అంది తాయారు. "దీన్ని నేను బతికిస్తాను."

భర్త చేసిన గాజు కుండీల్లోకెల్లా అందమైనదాన్ని తెచ్చింది. దాని నిండా నల్లరేగడి మన్ను పోసింది. మన్నులో పెంటఎరువు కలిపింది. మొక్క వేళ్ళన్నిటినీ మన్నులో పాతిపెట్టి, పొద్దునా సాయంత్రం చెంబెడు నీళ్ళు పోసింది.

"పాపం, ఇన్నాళ్ళూ మన్ను ఎరగదు. ఇప్పుడు కడుపునిండా తింటుంది," అని మురిసిపోయింది.

నాలుగు రోజులు గడిచాయి. అడుగాకు నల్లబడింది. పట్టుకుంటే జారి చేతిలోకి వచ్చింది. వేరు వాసన చూస్తే కుళ్ళు. చిట్టి గబగబా వచ్చి మొక్కను మన్నులోంచి ఊడబెరికింది. తన పావడా అంచుతో వేళ్ళు తుడిచి, పుల్లకు ఆనించి పట్టుకుంది. తాయారు గుండె చివుక్కుమంది.

"ఊరుకో తాయారూ," అన్నాడు పానకాలు. "మన్ను పడని మొక్క కాబోలు. దీన్ని నేను చూసుకుంటాను."

అతను కొలిమి రాజేశాడు. గుమ్మడికాయంత గాజు గోళం ఊదాడు. లోపల మొక్కను పుల్లతో సహా నిలబెట్టాడు. పైన బిగుతుగా మూత పెట్టాడు. కొలిమి బూడిద పడదు. పురుగు చేరదు. కోడి పొడవదు. గోళాన్ని తీసుకెళ్ళి, వెలుతురు బాగా పడే అరుగు మీద ఉంచాడు.

"చూశావా? రాజుగారి కోటలో కూడా ఇంత భద్రం ఉండదు," అన్నాడు.

చూడడానికి ఎంత బాగుందో! ఆ దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. కానీ మధ్యాహ్నం ఎండకు గోళం లోపల ఆవిరి పట్టింది. గాజు మసకబారింది. లోపల మొక్క ఉడికిపోయింది. చిట్టి గోళాన్ని రెండు చేతులతో పట్టుకుని, మూత లాగలేక, తల అడ్డంగా ఊపుతూ గాజు మీద అరచేతులతో కొట్టసాగింది. పానకాలు పరుగున వచ్చి మూత తీశాడు. వేడి ఆవిరి అతని మొహానికి కొట్టింది. మొక్కలో మూడు ఆకులే మిగిలాయి.

చిట్టి మొక్కను తీసుకుని ఏటి గట్టుకు పరుగెత్తింది. భార్యాభర్తలిద్దరూ వెనకే వెళ్ళారు. పిల్ల ఒక చెట్టు నీడన కూర్చుని, మొక్కను ఏటిగాలికి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. చెయ్యి నొప్పిపుడితే రెండో చేతికి మార్చుకుంది. నీటి అంచుకు వెళ్ళి, చేతివేళ్ళు తడిపి, మొక్క మీద చిలకరించింది. తరవాత దాన్ని తలకిందులు చేసి, ఆకుల మధ్య నిలిచిన నీరంతా జారిపోయేదాకా మెల్లగా విదిలించింది. మళ్ళీ గాలికి పట్టుకుంది.

పానకాలు ఆమె పక్కన గొంతుకూర్చున్నాడు.

"తల్లీ, నాకు గాజు పని ఒక్కటే వచ్చు. నీ మొక్క సంగతి నాకు తెలీదు. తెలియకుండానే మూతపెట్టాను. దీనికి ఏం కావాలో నువ్వే చెప్పు. నువ్వెలా చెబితే అలా చేస్తాను."

చిట్టి అతని మొహంలోకి చూసింది. ఆవిరి తగిలి అతని చెంప ఎర్రబడి ఉంది. పిల్ల పెదవులు కదిలాయి.

"గాలి," అంది.

తాయారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పిల్ల గొంతు ఎలా ఉంటుందో ఆమె అప్పుడే విన్నది.

ఆ సాయంత్రమే కొలిమి వెలిగింది. పానకాలు గొట్టం చిట్టి నోటికి అందించాడు. పిల్ల ఊదింది. తిప్పడం అతని వంతు. బుడగ పెరుగుతున్నకొద్దీ చిట్టి వేలు చూపించి చెప్పసాగింది. "ఇక్కడ తెరిచి ఉండాల. ఇక్కడ కూడా. కింద చిల్లి ఉండాల, నీళ్ళు పోవాల." మాట తరవాత మాట, ఏటికి దారి దొరికినట్టు వచ్చాయి. వరద మాటా, తన ఇంటి మాటా మాత్రం ఎత్తేది కాదు; వాళ్ళూ అడగలేదు.

తయారైన పాత్ర ఏమంత నున్నగా లేదు. పిచ్చుక గూడులా ఒక పక్కకు ఒరిగి ఉంది. ముందొక పెద్ద నోరు, వెనకొక చిన్న కిటికీ, అడుగున చిల్లి. అందులో పుల్లను అడ్డంగా నిలిపి, మొక్కను నూలుపోగుతో వదులుగా కట్టారు. పాత్రను కొలిమి సెగ తగలని చోట, ఏటిగాలి వీచే వసారాలో, ఉదయపు ఎండ మాత్రమే పడేలా వేలాడదీశారు.

నీళ్ళ విషయంలోనూ చిట్టి గట్టిదే. తాయారు పెరటి బావి నీళ్ళు తెస్తే నాలుక మీద చుక్క వేసుకుని, "ఉప్పు," అని పారబోసింది. చూరు కింద పెట్టిన కుండలోని వాననీళ్ళు మాత్రమే ముట్టుకునేది. తెల్లవారుతూనే చిలకరించి, ఎండెక్కేలోగా ఆరనిచ్చేది.

మొక్క తేరుకుంది. నడిమధ్య లేత ఆకు ఒకటి చిలక ముక్కులా తొంగిచూసింది. చిట్టి చప్పట్లు కొట్టి నవ్వింది. ఆ నవ్వు చూసి ఆలుమగలిద్దరూ ఆ పూట అన్నం తినడమే మరిచిపోయారు.

చలికాలం పోయి వేసవి గాలి మొదలైంది. మొక్క పూసింది. లేత ఊదారంగు పువ్వులు, సన్నని వాసన. ఎండుకొబ్బరీ తేనే కలిపినట్టు ఉండేది ఆ వాసన.

ఒకనాటి ఉదయం పానకాలు, చిట్టి ఇసుక తేవడానికి ఏటికి వెళ్ళారు. తాయారు ఒక్కతే ఇంట్లో ఉంది. వాకిట్లో కర్ర చప్పుడు వినబడింది. ఒక ముసలామె నిలబడి ఉంది. పాదాలు పగిలి నెత్తురు చారలు కట్టాయి. కళ్ళ మీద తెల్లని పొర. మెడలో కొండవాళ్ళు వేసుకునే పూసల పేరు.

"గుక్కెడు మజ్జిగ పొయ్యి తల్లా," అంది.

తాయారు మజ్జిగ ఇచ్చింది. ముసలామె అరుగు మీద కూర్చుని తాగి, మూతి తుడుచుకుంది.

"నా పేరు బుదరి. కొండ మీంచి దిగొచ్చాను. వరదలో నా మనవరాలు కొట్టుకుపోయింది. తల్లీ తండ్రీ లేని పిల్ల, నేనే సాకాను. నాకు జ్వరం తగిలి ఇన్నాళ్ళూ మంచం దిగలేదు. ఇప్పుడు ఏటి వెంట ఊరూరూ అడుగుతున్నాను. ఉంగరాల జుట్టు. పేరు సుక్రి. నీ కంటబడిందా తల్లా?"

తాయారు వసారాలోని మొక్కవైపు చూసింది. సుక్రి! చిట్టి అసలు పేరు సుక్రి అన్నమాట. అవునని చెప్పడానికి నోరు తెరిచింది. నోటెంట వేరే మాట వచ్చింది.

"లేదవ్వా. నేను చూడలేదు."

బుదరి తల ఆడించింది. లేవబోతూ ఆగి, గాలి పీల్చింది.

"మా కొండపువ్వు వాసన వస్తోందేం తల్లా?"

"మా పెరట్లో మల్లెలు పూశాయి," అంది తాయారు.

"ఏమో, నా మనసే ఆ వాసన కోరుకుందేమో," అంది ముసలామె. "నీ మజ్జిగ చల్లగుంది. నీ కడుపు చల్లగుండాల." కర్ర తాటించుకుంటూ రేవు దారి పట్టింది.

తాయారు గడప మీద కూలబడింది. ఆ దీవెన ఆమెకు శాపంకన్నా గట్టిగా తగిలింది. లోపల ఒక గొంతు అంది: ఎవరికి తెలుస్తుంది? ముసలిది, చూపులేనిది, మళ్ళీ ఇటు రాదు. పిల్ల ఇక్కడ పట్టెడన్నం తింటోంది, నవ్వుతోంది. ఇంకో గొంతు ఏమీ అనలేదు. ఆ పగిలిన పాదాలను మాత్రం ఆమె కళ్ళముందు నిలబెట్టింది.

వసారాలో గాలి వీచింది. పువ్వుల వాసన ఇల్లంతా నిండింది. మన్నులో పాతినప్పుడు ఈ మొక్క మేలు కోరే పాతాననుకుంది కదా తను! మూతపెట్టినప్పుడు తన భర్త కూడా మేలే కోరాడు. మేలు కోరుతూనే ఆ పసిప్రాణాన్ని చంపబోయారు. ఇప్పుడు తను పెడుతున్న మూత ఎవరి మీద?

తాయారు లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. రేవులో పడవ కదలబోతోంది. ముసలామె పడవలో కూర్చుని ఉంది.

"అవ్వా! ఆగు! దిగు అవ్వా!"

పడవవాడు గెడ ఆపాడు. తాయారు నీళ్ళలోకి దిగి పడవ అంచు పట్టుకుంది.

"నేను అబద్ధం చెప్పాను. నీ సుక్రి మా ఇంట్లోనే ఉంది. ఆ వాసన మల్లెలది కాదు. నీ కొండపువ్వుదే. నాకు పిల్లలు లేరవ్వా. అందుకే నోరు రాలేదు. నన్ను ఏమన్నా పడతాను."

బుదరి చెయ్యి చాచి తాయారు మొహం తడిమింది. తడి తగిలింది.

"కర్రతో నాలుగు తగిలిద్దామనే ఉంది," అంది. "కానీ నీ అంతట నువ్వు పరుగెత్తుకొచ్చావు. రాకపోతే నేను ఈ పడవలో పోయి, ఏ దారిలోనో రాలిపోయేదాన్ని. పద తల్లా, నన్ను నా పిల్ల దగ్గరకు నడిపించు."

వాళ్ళు వచ్చేసరికి పానకాలూ, పిల్లా ఇసుక తట్టలతో వాకిట్లోకి వస్తున్నారు. సుక్రి తట్ట వదిలేసింది.

"నానమ్మా!"

అంత గట్టి కేక ఆ పిల్ల గొంతులో ఉందని వాళ్ళకు అప్పటిదాకా తెలియదు. ముసలామె కింద కూర్చుండిపోయి, మనవరాలి తలా, భుజాలూ, వేళ్ళూ ఒక్కొక్కటీ తడిమి చూసుకుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక అప్పుడు ఏడ్చింది. పానకాలు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ పూట నలుగురూ కలిసి భోంచేశారు. తాయారు బుదరి కాళ్ళకు పసుపూ నూనే రాసింది. భోజనాలయ్యాక పానకాలు గొంతు సవరించుకున్నాడు.

"అవ్వా, మీరూ ఇక్కడే ఉండిపోండి. మాకు పెద్దదిక్కు ఉన్నట్టుంటుంది."

"నాకు కొండమీద తప్ప కంటిమీద కునుకు రాదు బాబూ. మా పాక కొట్టుకుపోయినా మా చెల్లెలి పాక ఉంది. పిల్లను అడుగుదాం. అది ఎలా అంటే అలా."

అందరూ సుక్రివైపు చూశారు. సుక్రి నానమ్మను చూసింది, తాయారును చూసింది.

"నానమ్మతో పోతాను," అంది. "మళ్ళీ వస్తాను."

ఎప్పుడొస్తావని తాయారుకు అడగాలనిపించింది. ఒట్టు వేయించుకోవాలనిపించింది. ఏదీ చేయలేదు. లేచి, పిల్ల తల దువ్వి, రెండు జడలు వేసి, దారికి అటుకులూ బెల్లమూ మూటకట్టింది.

బుదరి వసారాలో వేలాడుతున్న గాజు గూడు దగ్గరకు వెళ్ళి, మొక్క మొదలును చేతివేళ్ళతో తడిమింది.

"పిలక పెట్టింది," అంది నవ్వుతూ. "తల్లిని పీకకుండా పిలకను విడదీయాలి. దాని వేళ్ళు దానికి వచ్చాయి, ఇప్పుడు తీయొచ్చు." గోటితో మెల్లగా విడదీసి ఇంకో పుల్లకు కట్టింది. "తల్లిమొక్క మీ ఇంటనే ఉండనీ. పిలక మాతో కొండకు వస్తుంది."

పడవ మలుపు తిరిగేదాకా ఆలుమగలు రేవులోనే నిలబడ్డారు. తరవాత రోజులు బరువుగా నడిచాయి. తాయారు రోజూ తెల్లవారుతూనే వాననీళ్ళు చిలకరించేది. తలకిందులు చేసి నీరు వంచేది. నవ్వు లేని ఇంట్లో ఆ పని ఒక్కటే ఆమెను మంచం మీంచి లేపేది. వానాకాలం వచ్చింది, పోయింది. చలికాలం వచ్చింది, పోయింది. పానకాలు సంతకు వెళ్ళినప్పుడల్లా పడవవాళ్ళను కొండ కబుర్లు అడిగేవాడు. వాళ్ళకు ఏమీ తెలిసేది కాదు.

ఒకనాడు మధ్యాహ్నం తాయారు చేటలో బియ్యం చెరుగుతోంది. ఏటివైపు నుంచి పిల్లల గోల వినిపించింది. ఎవరో గొడ్లు కాసే పిల్లలనుకుంది. గోల దగ్గరయింది. వాకిట్లోనే ఆగింది.

"తాయమ్మా! గాజయ్యా!"

చేట జారిపోయింది. వాకిట్లో సుక్రి! బెత్తెడు పొడుగెదిగింది. వెనక బుదరి అవ్వ, ఆమె వెనక కొండ పిల్లలు ఐదారుగురు. అందరి చేతుల్లోనూ పుల్లలు, పుల్లలను కరుచుకున్న గాలిమొక్కలు.

"మా కొండమీద చెట్లు చాలా కూలిపోయినాయి," అంది సుక్రి ఊపిరి తిప్పుకోకుండా. "ఇవన్నీ నేల మీద పడి చచ్చిపోతా ఉన్నాయి. మీరు గూళ్ళు చేస్తారని తెచ్చాను. ఎండలు పోయేదాకా ఇక్కడే ఉంటా. వానలకు నానమ్మ దగ్గరకు పోతా. ప్రతి ఏడూ అంతే!"

తాయారు పిల్లను దగ్గరకు తీసుకుంది. గట్టిగా కాదు, కొంచెం వదులుగా. సుక్రే ఆమెను గట్టిగా కరుచుకుంది.

ఆ వేసవంతా కొలిమి ఆరలేదు. పిల్లలు వంతులవారీగా ఊదారు. వంకరవీ, పొట్టివీ, బుంగలాంటివీ, బుడమకాయలాంటివీ, నోళ్ళు తెరుచుకున్న గాజు గూళ్ళు ఎన్నో తయారయ్యాయి. ఊరివాళ్ళు వచ్చి తలా ఒకటి తీసుకెళ్ళి తమ వసారాల్లో వేలాడదీసుకున్నారు. ఎలా చూసుకోవాలో సుక్రి ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఏటిగాలి వీచినప్పుడల్లా ఊరంతా కొండపువ్వు వాసన వేసేది.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ వినండి: ప్రేమించినవాళ్ళను మూతపెట్టి దాచుకుంటే వాడిపోతారు, గాలి ఆడనిస్తే ఎంత దూరం వెళ్ళినా మనవాళ్ళుగానే తిరిగి వస్తారు.